దించిన శ్రుతి

మెహెలెన్‌లో పశువుల సంత వీధి మూలనున్న రొట్టెల కొట్టులో ఒడీల్ పెళ్ళికి ముందే పనికి చేరింది. పెళ్ళయ్యాకా మానలేదు. పిల్లలు పుట్టలేదు కాబట్టి మానాల్సిన అవసరమూ రాలేదు. చీకటితో లేచి కొట్టు తెరవడం, అడిగిన రొట్టెను మరలో పెట్టి ముక్కలు కోయించి సంచిలో వెయ్యడం, వచ్చినవాళ్ళను మోకాళ్ళ నొప్పుల గురించో మనవళ్ళ గురించో ఒక మాట అడగడం. చూసేవాళ్ళకు ఆమె బతుకంతా ఇంతే. పొట్టి మనిషి. మాట్లాడితే గొంతు కాస్త బొంగురుగా ఉండేది. ఆ గొంతుతోనే పాడుతుందంటే కొత్తవాళ్ళు నవ్వులాటకు అంటున్నారనుకునేవారు.

భర్త లోవీ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. భారీ మనిషి, నెమ్మదస్తుడు, ఎవరితోనూ మాట పెంచుకునేవాడు కాదు. వర్క్‌షాపులో గొడవ మొదలైతే చాలు, టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడట. ఇద్దరికీ పరిచయమైంది నది పక్క చర్చిలో, ఆదివారం పాటల బృందంలో. పెళ్ళి కూడా ఆ చర్చిలోనే జరిగింది.

డెబ్బై నాలుగులో ఆ బృందాన్ని వెతుక్కుంటూ హెర్విగ్ వచ్చాడు. సంగీత పాఠశాలలో కొత్తగా చేరిన మాస్టారు, సన్నగా, ఎప్పుడూ ఏదో రైలు అందుకోవాలన్నట్టు ఉండేవాడు. పాట అయ్యాక వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఈ వీధి చివర ఏలికసాని మేడ ఉంది కదా. ఐదొందల ఏళ్ళ కిందట అందులో రోజూ నాలుగు గొంతుల పాట పాడేవాళ్ళు. ఇప్పుడు ఆ పాటలు వినాలంటే లండన్ నుంచి మనుషుల్ని పిలిపిస్తున్నారు. ఏం, మనకి నోళ్ళు లేవా?"

"మా ఆయనకైతే లేదు," అంది ఒడీల్. "పెళ్ళయి ఆరేళ్ళయింది. ఇంతవరకూ వినలేదు."

లోవీ నవ్వి, కింద ఒక స్వరం పట్టి నిలిపాడు. హెర్విగ్ అతని దగ్గరికి నడిచి వచ్చి, గుర్రాన్ని చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు.

అలా నలుగురయ్యారు. పై గొంతు ఒడీల్‌ది. రెండో గొంతు కామీల్ అనే డ్రాయింగ్ మాస్టారిది. మూడోది హెర్విగ్‌ది. అడుగు గొంతు లోవీది. వారానికి రెండు సాయంత్రాలు చర్చి వెనకనున్న హాల్లో సాధన. ఆ పాత రోజుల్లో లాగానే పాడాలని హెర్విగ్ పట్టు. అందరికీ కలిపి ఒకే పెద్ద పుస్తకం, ఒకే బల్ల. తెరిచిన రెండు పుటల మీద నాలుగు మూలల్లో నలుగురి పాటా రాసి ఉంటుంది. ఎవరి మూల వాళ్ళు చదువుకోవాలి. స్వరాల మధ్య అడ్డగీతలుండవు, వరసలకు అంకెలుండవు. ఒకరు దారి తప్పితే ఫలానా చోటినుంచి మళ్ళీ అనడానికి వీల్లేదు. అందరూ మొదటికి రావాల్సిందే. వాద్యం ఏదీ ఉండదు కాబట్టి పాటను ఎంత ఎత్తున మొదలుపెట్టాలన్నది కూడా పాడేవాళ్ళ ఇష్టమే. హెర్విగ్ జేబులోంచి శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్కు తీసి, మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మొదటి స్వరం సన్నగా అందించేవాడు.

పొట్టిది కాబట్టి ఒడీల్ ముందు నిలబడేది. వెనక లోవీ. అతని కుడిచెయ్యి ఆమె భుజం మీద ఉండేది. ఆ చేత్తోనే తాళం నొక్కేవాడు. గట్టిగా కాదు, పిండి ముద్దను సర్దినట్టు. కచేరీ రోజుల్లో నల్లబట్టల మీద ఆ చెయ్యి చూసి, ముందు వరసలో ఆడవాళ్ళు ఎంత ప్రేమో అనుకునేవారు.

"ప్రేమా పాడా! నన్ను పరిగెత్తనివ్వకుండా పట్టుకుంటాడు. ఎద్దుబండి వాడు," అనేది ఒడీల్.

ఎనభై రెండులో కామీల్ పోయాడు. వానలో సైకిల్ మీద బడికి వెళుతుంటే లారీ కొట్టింది. అంత్యక్రియలకు ఏం పాడాలన్నది ఎవరూ అడగనక్కర్లేదు. వాళ్ళ దగ్గర ఒక పాత విలాపం ఉంది, ఎవరో ఆస్థాన గాయకుడు తన గురువు చనిపోయినప్పుడు కట్టినది. దాన్ని పై గొంతు ఒంటరిగా మొదలుపెడుతుంది. మిగతావి ఒకదాని వెనక ఒకటి అందుకుంటాయి. కామీల్ బదులు ఎవర్ని పిలుద్దామని హెర్విగ్ ఊరంతా తిరిగాడు కానీ రెండు రోజుల్లో నేర్చుకోగలవాళ్ళు దొరకలేదు. చివరికి ముగ్గురే పాడారు. బల్ల దగ్గర కామీల్ నిలబడే చోటు వదిలేశారు.

రెండో గొంతు అందుకోవాల్సిన చోట ఏమీ రాలేదు. పాటలో మధ్య మధ్య, పన్ను ఊడిన చోట నాలుక తగిలినట్టు, ఖాళీ తగులుతూ వచ్చింది. కొన్నిచోట్ల మిగిలిన స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని వికారంగా మోగాయి. అయిపోయాక ఫాదర్ వచ్చి హెర్విగ్ చెవిలో అడిగాడు.

"మీలో ఒకరు రాలేదా?"

"అవును ఫాదర్. రాలేదు," అన్నాడు హెర్విగ్.

ఆ సాయంత్రం నది గట్టు మీది బీరు కొట్టులో ముగ్గురూ ఒక మాట అనుకున్నారు. ఇకమీదట ఎవరు పోయినా ఆ విలాపమే పాడాలి. పోయినవాళ్ళ గొంతు మాత్రం ఎవరూ పాడకూడదు. మిగతావాళ్ళు తమ తమ చోట్లలో నిలబడి తమ పాట తాము పాడాలి. అదొక్కటే ఒట్టు. లోవీకి ఈ ఏర్పాటు ఎంత నచ్చిందంటే వర్క్‌షాపులో అందరికీ చెప్పుకున్నాడు. "నేను పోయిన రోజు తప్పకుండా రండ్రా. పాట కింద నేల ఉండదు. ఆ లేనిది నేనే," అనేవాడు. ఒడీల్ తన వంతు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. లోవీ తనకంటే పదేళ్ళు పెద్ద. అతని పెట్టె ముందు నిలబడి పాడేది తనేనని ఆమెకు అనుమానం లేదు.

కామీల్ చోటులోకి రిక్ అనే కుర్ర గుమాస్తా వచ్చాడు. బృందానికి పేరు రావడం కూడా అప్పుడే మొదలైంది. లూవెన్, గెంట్, ఉట్రెక్ట్ ఊళ్ళు కచేరీలకు పిలిచాయి. రేడియోలో హెర్విగ్ మాట్లాడాడు. గడ్డం పెంచాడు. ఎనభైల చివరికి సాధనకు వస్తూ సంచిలో లావుపాటి పుస్తకాలు కూడా తెచ్చేవాడు.

ఒక శీతాకాలం ఆ పుస్తకాల్లోంచే ఆ సంగతి చెప్పాడు. పాతరోజుల ఆస్థానాల్లో ఇంత ఎత్తున పాడేవాళ్ళు కాదట, శ్రుతి చాలా కిందికి ఉండేదట. ముందు ఒక మెట్టు దించారు. కొన్ని నెలలకు ఇంకొకటి. మరుసటి ఏడాదికి పాటలన్నీ ఎక్కడికో జారిపోయాయి. లోవీ గొంతు ఆ లోతుల్లో దిగ్గానే విచ్చుకుంది. పేపర్లో అతని గురించి మొదటిసారి రాశారు, నేల కిందినుంచి పాడే మనిషని. ఒడీల్ గొంతు మాత్రం ఆ లోతులో మసకబారింది. వెలుగుండే స్వరాలన్నీ తలకు పైన ఎక్కడో వాడకుండా మిగిలిపోయాయి. ఆమె పాడుతుంటే రొట్టెల కొట్టులో బేరం మాట్లాడినట్టుంది. నాకు వయసైపోతోంది అనుకుంది. ఇంట్లో తేనె కలిపిన పాలు తాగింది. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని పడుకుంది.

"నా గొంతు పోతోందంటావా?" అని లోవీని అడిగింది ఒకరోజు.

లోవీ బూట్లకు పాలిష్ రాసుకుంటున్నాడు. "అందరివీ పోతాయే," అన్నాడు, తల ఎత్తకుండా.

తొంభై ఒకటిలో ఒక ఆదివారం హెర్విగ్ భోజనానికి వచ్చాడు. ఒడీల్ ఎండు రేగుపళ్ళు వేసి కుందేలు మాంసం వండింది. హెర్విగ్ రెండోసారి వడ్డించుకుని, రొట్టెముక్కతో పళ్ళెంలో రసం అంతా తుడుచుకుని తిన్నాడు. ఆ తరవాత చెప్పాడు.

"ఒడీల్, రికార్డు చేస్తామంటున్నారు. మంచి కంపెనీ. కానీ పాత పద్ధతి ఖచ్చితంగా పాటించాలంటారు."

"పాటించండి."

"ఆస్థానం బృందాల్లో ఆడవాళ్ళు పాడలేదు. చరిత్రలో ఉన్నదే అది. నేను కల్పించింది కాదు. పై గొంతు కూడా మగవాళ్ళే పాడేవాళ్ళు. డీడరిక్ అని హాలండ్ అతను ఒకడున్నాడు..."

"ఆడగొంతు తెచ్చుకుని దొంగ గొంతుతో పాడతాడా?"

"అలా అనకూడదు."

"మరి ఆస్థానంలో రైల్వే ఫిట్టర్లు పాడారా?"

లోవీ పకపకా నవ్వాడు. హెర్విగ్ నవ్వలేదు. దాంతో లోవీ నవ్వు మధ్యలో ఆపి మూతి తుడుచుకున్నాడు.

"మా ఆయన్ని అడుగు," అంది ఒడీల్. "నేను లేకపోతే ఈయన పాడతాడేమో అడుగు."

లోవీ కత్తీ ఫోర్కూ పళ్ళెంలో పక్కపక్కన పెట్టాడు, కదిపి మళ్ళీ సరిగ్గా పెట్టాడు.

"నేనేమంటానే? హెర్విగ్ చదువుకున్నవాడు."

ఒడీల్ పళ్ళేలు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ తెచ్చింది. చక్కెర ఎన్ని చెంచాలో కూడా అడిగింది.

ఆ తరవాత కూడా మంగళవారం, గురువారం లోవీ కోటు వేసుకుని సాధనకు వెళ్ళేవాడు. అతని నల్లచొక్కా ఇస్త్రీ చేసింది ఒడీలే. చేసి కుర్చీ వీపు మీద వేసేది, చేతికి ఇచ్చేది కాదు. అతను వచ్చేసరికి దీపం ఆర్పి పడుకునేది. వాళ్ళిద్దరూ దీని గురించి పోట్లాడుకున్నారని ఇరుగుపొరుగు ఎవరూ చెప్పలేరు. పోట్లాటకు లోవీ ఎన్నడూ దొరికేవాడు కాదు.

ఒకసారి డీడరిక్ కొట్టుకు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. ఎండు ద్రాక్ష రొట్టె అడిగి, టోపీ చేతిలో తిప్పుతూ నిలబడిపోయాడు.

"ఇంకేం కావాలి?"

"మేడమ్, ఆ విలాపంలో చివర చాలా పొడుగ్గా ఒక వరస వస్తుంది కదా. నాకు ఊపిరి సరిపోవట్లేదు. మీరు ఎక్కడ తీసుకునేవాళ్ళండీ?"

"మేం తీసుకోం."

"అంటే?"

"మెహెలెన్ వాళ్ళం ఊపిరి తీసుకోం బాబూ. హాలండ్ వాళ్ళకి అలవాటేమో. పక్కకి జరుగు, వెనక మనుషులున్నారు."

వెనక నిలబడ్డ ముసలావిడ కిసుక్కుమంది. డీడరిక్ చెవులు ఎర్రబడ్డాయి. నిజానికి ఒడీల్ అక్కడ లోవీ అడుగు స్వరం దిగే క్షణంలో, ఆ బరువు చాటున ఊపిరి తీసుకునేది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

తొంభై మూడు వసంతంలో లోవీ గుండె దెబ్బతింది. పని నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆసుపత్రిలో మూడు వారాలున్నాడు. ఒడీల్ కొట్టు మూశాక వెళ్ళి మంచం పక్కన కూర్చునేది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం అతనే మాట ఎత్తాడు.

"నేను పోతే పైన నువ్వే పాడాలి."

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఆ హాలండ్ వాడు కాదు. నువ్వే. ఒట్టు పెట్టుకున్నది మనం."

"హెర్విగ్ ఒప్పుకోవద్దూ?"

"చెప్పాను. ఒప్పుకున్నాడు."

ఒడీల్ అతని మొహంలోకి చూసింది. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెండేళ్ళలో మొదటిసారి ఆమె అతని చెయ్యి పట్టుకుంది. నిద్ర పట్టిందనుకునేదాకా పట్టుకునే ఉంది.

తరవాతి సోమవారం లోవీ పోయాడు.

హెర్విగ్ మంగళవారం ఇంటికి వచ్చాడు. ఫాదర్ అప్పటికే వచ్చి కూర్చుని ప్రార్థనల క్రమం మాట్లాడుతున్నాడు. హెర్విగ్ ఒడీల్‌ను కావలించుకుని, లోవీ లాంటి గొంతు ఈ దేశంలో మళ్ళీ పుట్టదన్నాడు. ఒడీల్ అతనికి కుర్చీ చూపించింది.

"సాధన ఎప్పుడు? ఒకసారైనా కలిసి పాడుకోవాలి కదా. రెండేళ్ళయింది నేను పాడి."

"సాధనా?" అన్నాడు హెర్విగ్.

"నేను పాడతానని లోవీ నీకు చెప్పాడటగా. నువ్వు సరేనన్నావట."

హెర్విగ్ ఒకసారి ఫాదర్ వైపు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "లోవీ నాకేం చెప్పలేదు ఒడీల్."

హెర్విగ్ మీద ఆమెకు నమ్మకం లేదు. అయినా ఈ మాట నిజమని వింటూనే తెలిసిపోయింది. లోవీ చెప్పి ఉండడు. చెబుదామని నాలుగైదుసార్లు అనుకుని ఉంటాడు. హెర్విగ్ ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా నర్సుల గురించో వాతావరణం గురించో మాట్లాడి పంపించేసి ఉంటాడు.

"ఆయన చెప్పకపోతేనేం? నేను చెబుతున్నాను," అంది.

"నువ్వు ముందు వరసలో కూర్చోవాల్సినదానివి. భార్యవి. రికార్డు విన్నవాళ్ళు చాలామంది వస్తారు, గెంట్ నుంచి కూడా. డీడరిక్ సిద్ధంగా ఉన్నాడు."

"బీరు కొట్లో ఒట్టేసింది డీడరిక్ కాదు."

"ఆమెను పాడనీవయ్యా," అన్నాడు ఫాదర్. ఆయనకు ఇందులో గొడవేమిటో అర్థం కాలేదు. "భర్తకు భార్య పాడితే తప్పేముంది? ఇది చర్చి కదా, నీ కచేరీ కాదు కదా."

ఫాదర్ ఎదురుగా హెర్విగ్ కాదనలేకపోయాడు. శుక్రవారం అంత్యక్రియలు. గురువారం మధ్యాహ్నం హాలుకు రమ్మన్నాడు.

హాల్లో ముగ్గురే. హెర్విగ్, రిక్, ఒడీల్. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. ఒడీల్ ముందు తన చోట్లో నిలబడింది. వెనక ఎవరూ లేరు. హెర్విగ్ ఫోర్కు కొట్టి స్వరం అందించాడు. ఒడీల్ మొదలుపెట్టింది. తన గొంతు తనకే వినిపించలేదు. రిక్ అందుకోగానే అది పూర్తిగా మునిగిపోయింది. పాట చివరిదాకా వెళ్ళారు.

"బాగానే ఉంది," అన్నాడు రిక్.

"ఏం బాగుంది? నేను పాడినట్టు నీకు తెలిసిందా?" అంది ఒడీల్. హెర్విగ్ వైపు తిరిగింది. "పైకి తియ్యి. పాత శ్రుతి."

"ఆ శ్రుతి తప్పని తేలింది కదా ఒడీల్. మనం అప్పుడు తెలియక పాడాం."

"పోనీ తప్పే. రేపు ఒక్కరోజు తప్పు పాడదాం. కింద లోవీ లేడు. పైన నేనున్నాను. ఇంత కిందికి ఎవరి కోసం?"

హెర్విగ్ ఫోర్కును జేబులో పెట్టుకున్నాడు. ఒడీల్ పుస్తకం మీదికి వంగి, అతని మూల చూసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ తన మూల తప్ప ఇంకోటి చదవలేదు. మధ్యలో మూడో గొంతు ఒక చోట ఎక్కుతుంది, ఎక్కి అక్కడే నిలబడి ఉండాలి. ఆ చోట వేలు పెట్టింది.

"ఇది పాడు. పాత శ్రుతిలో. ఒక్కసారి."

"ఇప్పుడది ఎందుకు?"

"ఆ ఎత్తు నీకిప్పుడు అందదు కాబట్టి."

రిక్ తన బూట్ల వైపు చూసుకోసాగాడు.

"ఎప్పటినుంచి అందట్లేదు?" అంది ఒడీల్. "రిక్, నీకు తెలుసా?"

"మేడమ్, గొంతులన్నాక..."

"తెలుసా, తెలీదా?"

"తెలుసండీ."

ఒడీల్ హాల్లో ఉన్న కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది. తేనె పాలు, మెడకు చుట్టుకున్న ఉన్ని గుడ్డ గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

"అయితే ఆ లావు పుస్తకాలన్నీ నీ గొంతు కోసమా? ఆస్థానం, చరిత్ర, ఆడవాళ్ళు పాడకపోవడం అన్నీను? శ్రుతి దించితే నాది పోతుంది, నాది పోతే మగవాడు కావాలి. అంతేనా? నా కుందేలు కూర తిని, పళ్ళెం తుడుచుకుని మరీ చెప్పావు."

"పుస్తకాల్లో ఉన్నది అబద్ధం కాదు," అన్నాడు హెర్విగ్. అతని మొహం ఎర్రగా అయింది. "అన్నీ నా మీదే పెట్టకు. దించుదామని మొదట అన్నది నేను కాదు. లోవీ."

"చచ్చినవాడి మీద పెడతావా?"

"రిక్‌ని అడుగు. నేను ఇక పాడలేను, మానేస్తానని చెప్పాను. దించి చూద్దాం, నాకూ అక్కడే హాయిగా ఉంటుంది అన్నాడు లోవీ. మరి ఒడీల్ సంగతేంటని అడిగాను. సర్దుకుంటుందిలే అన్నాడు."

ఒడీల్ రిక్ వైపు చూసింది. రిక్ అవునని తల ఊపాడు. తరవాత ఊపినందుకు బాధపడ్డట్టు కిటికీ వైపు తిరిగాడు.

కింద నదిలో డీజిల్ పడవ ఒకటి పోతున్న చప్పుడు వచ్చింది.

"రేపు ఈ శ్రుతిలోనే," అన్నాడు హెర్విగ్ మెల్లిగా. "నీకు కష్టంగా ఉంటే డీడరిక్ ఉన్నాడు. ఎవరూ తప్పుపట్టరు."

"కష్టమేం లేదు," అంది ఒడీల్. లేచి కోటు వేసుకుంది.

శుక్రవారం చర్చి నిండింది. వర్క్‌షాపు నుంచి ఒక బస్సుకు సరిపడా మనుషులు వచ్చారు. రొట్టెలు కొనేవాళ్ళు వచ్చారు. గెంట్ వాళ్ళు కూడా నల్లకోట్లలో వచ్చి స్తంభం పక్కన కూర్చున్నారు. వాళ్ళ వెనక డీడరిక్ ఉన్నాడు. పెట్టె ముందు బల్ల వేశారు. ముగ్గురూ వెళ్ళి వాళ్ళ వాళ్ళ చోట్లలో నిలబడ్డారు. లోవీ చోటు వదిలేశారు.

హెర్విగ్ ఫోర్కు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, స్వరం అందించాడు. కింది స్వరం. ఒడీల్ విన్నది. పుస్తకం మీంచి కళ్ళెత్తి పెట్టె వైపు కాసేపు చూసింది. ఆ తరవాత ఆ స్వరం వదిలేసి, శ్రుతి దించకముందు తనదైన స్వరం అందుకుంది.

పాటను పై గొంతు ఒంటరిగా మొదలుపెడుతుంది కాబట్టి ఆపడానికి ఎవరికీ వీల్లేదు. కొట్టులో బొంగురుగా వినిపించే గొంతు ఆ ఎత్తులో పదునుగా, తేటగా ఉంది. రిక్ ఒక క్షణం తడబడి ఆమె శ్రుతిలోనే అందుకున్నాడు. వయసులో ఉన్నవాడు, అతనికి ఇబ్బంది లేదు. హెర్విగ్ తన వంతు రాగానే వచ్చాడు. రాకుండా ఉండలేడు. మొదటి వరస నెట్టుకొచ్చాడు. రెండోదానిలో మెడ నరాలు ఉబ్బాయి. ఎక్కి నిలబడాల్సిన చోటు వచ్చింది. గొంతు రెండుగా చీలి, ఒక ముక్క పైకి, ఒక ముక్క కిందికి పోయింది. స్తంభం పక్కన ఎవరో తల తిప్పుకున్నారు. హెర్విగ్ నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. పుస్తకం వైపు చూస్తూ, పుట తిప్పాల్సిన చోట తిప్పుతూ, చివరిదాకా నిలబడ్డాడు.

లోవీ దిగాల్సిన చోట్లు ఒక్కొక్కటే వచ్చి వెళ్ళాయి. ఒడీల్ వాటికోసం వింటూనే ఉంది. కానీ మూడో గొంతు లేకపోయేసరికి అడుగు గొంతు ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. ఒరుసుకునే స్వరాలు లేవు, వికారం లేదు. రెండు గొంతులు, రెండు పిట్టల్లా, తేలిగ్గా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి. వినడానికి ముచ్చటగా ఉంది. కింద ఎవరైనా ఉండేవారని అనిపించలేదు. ఒడీల్‌కు సగంలోనే ఈ సంగతి తెలిసింది. అప్పటికి దించడానికి లేదు. చివరి పొడుగు వరసలో ఊపిరి కోసం చాటు వెతుక్కుంది, దొరకలేదు. అందరికీ వినబడేలా మధ్యలో తెంచి ఊపిరి పీల్చుకుని మిగతాది పాడింది.

శ్మశానం నుంచి వచ్చాక చర్చి హాల్లోనే కాఫీ బల్లలు వేశారు. హామ్ పెట్టిన బన్నులు, జున్ను, ఎండు ద్రాక్ష రొట్టె. రొట్టె అంతా ఒడీల్ పనిచేసే కొట్టు నుంచి వచ్చిందే. హెర్విగ్ రాలేదు. రిక్ ఒక మూల నిలబడి కప్పు చేతిలో పట్టుకుని తాగకుండా ఉన్నాడు. రొట్టెలు కొనే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఒడీల్ చేతులు పట్టుకున్నారు.

"దేవతలు పాడినట్టుంది ఒడీల్. ఇద్దరే ఎంత బాగా పాడారు!"

"ఆ గడ్డం ఆయనకి పాపం దుఃఖం ఆగలేదు, చూశావా? మధ్యలో ఆపేశాడు."

"అవును. ఆగలేదు," అంది ఒడీల్.

ఆమె ఖాళీగా కూర్చోలేక కాఫీ కూజా తీసుకుని బల్లల మధ్య తిరగసాగింది. వర్క్‌షాపు వాళ్ళ బల్ల దగ్గర నెస్ట్ అనే ముసలాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళు లోవీ పక్క బెంచీ మీద పనిచేసినవాడు, ఒక చెవి సరిగ్గా వినపడదు. ఆమెకు చోటిస్తూ కుర్చీ జరిపాడు.

"మంచి పాట, చెల్లెమ్మా. కానీ ఒక్కటడుగుతాను, ఏమనుకోకు."

"అడుగు."

"లోవీ మాకు పాతికసార్లు చెప్పాడు. నేను పోయిన రోజు పాట వినండి, కింద నేల ఉండదు, ఆ లేనిది నేనే అని. నేను మంచి చెవి ఆ వైపు పెట్టుకుని మరీ కూర్చున్నాను. మావాళ్ళందరితో కూడా చెప్పాను, ఒరేయ్ జాగ్రత్తగా వినండ్రా, లోవీ వస్తాడు అని." నెస్ట్ చేతిలో బన్ను తిప్పాడు. "నాకేం తెలీలేదు. ఎక్కడ?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆమె వైపు చూశారు. వాళ్ళూ విని, తెలియక, ఎవరినీ అడగలేక కూర్చున్నవాళ్ళే.

ఒడీల్ అతని కప్పు నింపింది. నిండాక కూడా కూజా ఎత్తలేదు, కాఫీ పళ్ళెంలోకి పొర్లింది.

"తప్పు నీ చెవిది కాదులే నెస్ట్," అంది. "ఇవాళ లేడు."